‘ఈగలను ప్రామాణిక పద్ధతిలో పెంచాము’

జూన్ మొదటి వారంలో ఒక ఉదయం శ్రీనివాసపురం మామిడి మండీలో, అమ్మకానికి పనికిరావని పక్కకు నెట్టేసిన కాయల కుప్ప ముందు కూర్చుని, తొక్క మీద సూది గుచ్చినట్టుగా చుక్క పడి చుట్టూ కాస్త మెత్తబడిన కాయలను ఏరి గోనెసంచిలో వేసుకుంటున్నాను. ఆ కుప్ప తాలూకు రైతు కాసేపు చూసి, “వీటితో ఏం జేస్తారు సార్?” అని అడిగాడు. కోలారు జిల్లాలో ఆ మూల తెలుగు వినబడడం వింతేమీ కాదు కాబట్టి నేనూ తెలుగులోనే, వీటిలో ఉన్న పురుగులను బెంగళూరు తీసుకుపోయి ఈగలుగా పెంచుతామని చెప్పాను. ఆయన నవ్వలేదు. నిజంగానే అర్థం కాక, “మేము సచ్చేది వాటితోనే గదా, ఏమిటికి సార్ పెంచేది? కావాలంటే మా తోపుకు రాండి, గంటలో కావలసినన్ని పట్టుకొని పోవచ్చు” అన్నాడు.

ఆయనకు అప్పుడు ఏదో జవాబు చెప్పాను. ఆ జవాబు సగమేనని సంచి భుజాన వేసుకుని బస్సెక్కినప్పటి నుంచి నాకు అనిపిస్తూనే ఉంది. ఆ సంచి వాసనకు పక్క సీటాయన లేచి వెనక్కి వెళ్ళిపోవడంతో, బెంగళూరు చేరేదాకా ఆలోచించుకోవడానికి కావలసినంత చోటు దొరికింది. పండు ఈగను చంపడం ఎలాగో తెలుసుకోవాలంటే ముందు దాన్ని బతికించడం నేర్చుకోవాలన్నది నేను చెప్పిన సగం. మా రంగంలో ఆ బతికించే పనిని శాస్త్రంగా కాక చాకిరీగా చూస్తున్నామన్నదీ, అందువల్ల మన ఫలితాలలో కొన్ని మనం అనుకున్నంత గట్టివి కావన్నదీ చెప్పకుండా వదిలేసిన సగం.

ముందు ఏ ఈగ అన్నది స్పష్టం చేయాలి. బెంగళూరులో పండు ఈగల మీద పని చేస్తానంటే చదువుకున్నవారికి వెంటనే డ్రోసోఫిలా గుర్తుకు వస్తుంది. ఈ ఊళ్ళో దాని మీద పేరున్న పరిశోధన చాలాకాలంగా జరుగుతోంది కాబట్టి అది సహజమే. వంటింట్లో అరటిపళ్ళు రెండు రోజులు ఎక్కువుంటే వాటి చుట్టూ తిరిగే ఆ చిన్న ప్రాణి పులిసిన పండు మీది ఈస్టును తిని బతుకుతుంది. ఒకటి రెండు జాతులను మినహాయిస్తే అది రైతుకు చేసే నష్టం ఏమంత లేదు. నేను చెబుతున్నది బ్యాక్ట్రోసెరా డోర్సాలిస్ అనే మామిడి పండు ఈగ గురించి. ఇది ఇంటి ఈగంత ఉంటుంది. నల్లని వీపు మీద రెండు పసుపు చారలతో, పసుపూ గోధుమా కలిసిన పొట్ట మీద ఆంగ్ల అక్షరం ‘టి’ ఆకారపు నల్లని గుర్తుతో, దూరం నుంచి చూస్తే చిన్న కందిరీగలా కనబడుతుంది. ఆడ ఈగ పొట్ట చివర ఉన్న సూదిలాంటి అవయవంతో, పక్వానికి వస్తున్న కాయ తొక్క కింద గుడ్లు దింపుతుంది. ఒకటి రెండు రోజుల్లో అవి పొదిగి తెల్లని పురుగులవుతాయి. వారం పదిరోజులు గుజ్జు తిన్నాక పురుగు కాయలోంచి బయటపడి నేలలోకి దూరి ప్యూపాగా, అంటే కదలని గూటి దశలోకి, మారుతుంది, మరో పది రోజులకు ఈగై పైకి వస్తుంది. పైకి వచ్చిన ఈగ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది కనుక, 27 డిగ్రీల వెచ్చదనంలో ఒక తరానికి సుమారు నెల అనుకోవచ్చు. ఒక్కో ఆడ ఈగ వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. రైతు మందు కొట్టే వేళకు గుడ్లూ పురుగులూ కాయ లోపల, ప్యూపాలు మట్టి లోపల ఉంటాయి. మందు తగిలే చోట ఉండేది పెద్ద ఈగ ఒక్కటే, అదీ ఎగిరే ప్రాణి.

ఇక రైతు మాటకు వద్దాం. తోపులో కోట్ల ఈగలుండగా గదిలో పెంచడం ఎందుకు?

తోపులో పట్టిన ఈగ ఎవరో మనకు తెలియదు కాబట్టి. దాని వయసు తెలియదు, జత కట్టిందో లేదో తెలియదు, ఏ కాయలో పుట్టిందో, ఏ మందు తగిలి బతికి బయటపడిందో తెలియదు. ఈ అజ్ఞానం ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి మిథైల్ యూజినాల్ అనే వాసన పదార్థం ఒక్కటి చాలు. బిహారులోని పూసాలో పనిచేసిన హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త, దోమలను తోలడానికి వాడే సిట్రొనెల్లా నూనె దగ్గరకు పండు ఈగలు, అందులోనూ మగవి మాత్రమే, వచ్చి మూగుతున్నాయని 1912లో రాశాడు. మిథైల్ యూజినాలే ఈ ఆకర్షణకు మూలమని 1915 నాటికి తేల్చాడు. ఈనాడు మన మామిడి తోటల్లో వేలాడే ఎర బుట్టలకు మూలపురుషుడు ఆయనే. మన తులసి ఆకులోనూ ఆ పదార్థం ఉంటుంది. ఒకసారి కడుపునిండా మిథైల్ యూజినాల్ తిన్న మగ ఈగ ఆ తరువాత కొన్నాళ్ళపాటు అదే వాసనకు అంతగా స్పందించదు. ఇక ఇప్పుడు తోపులో పట్టి తెచ్చిన వంద మగ ఈగలను కొత్తరకం ఎర ముందు వదిలామనుకోండి, ముప్పై మాత్రమే వచ్చాయనుకోండి. ఎర బలహీనమా, లేక మిగతా డెబ్భై ఈగలు నిన్ననే ఎవరి పెరటి తులసికోట దగ్గరో విందు చేసి వచ్చాయా? చెప్పే దారి లేదు. పుట్టిన రోజు తెలిసిన, అంతకుముందు ఆ వాసన ఎరుగని ఈగ కావాలి, అది పెంచితే తప్ప దొరకదు.

రెండవ కారణం సంఖ్య. 2014 మే 1 నుంచి ఐరోపా సమాఖ్య మన మామిడిని నిషేధించినప్పుడు, పంపిన సరుకులో పండు ఈగ పురుగులు కనబడడమే అందుకు ప్రధానమైన కారణం. మరుసటి ఏడు జనవరిలో ఆ నిషేధం తొలగింది. ఎగుమతి కాయను 48 డిగ్రీల నీటిలో 60 నిమిషాలు ముంచి ఉంచడం, జపాన్ వంటి దేశాలకైతే 47.5 డిగ్రీల వేడి ఆవిరిలో 20 నిమిషాలు ఉంచడం, ఇలాంటి శుద్ధి పద్ధతులు కొనుగోలుదారు దేశానికి హామీలు. ఆ డిగ్రీలూ ఆ నిమిషాలూ ఆకాశం నుంచి ఊడిపడినవి కావు. పండు ఈగల విషయంలో 1939 నుంచీ వాడుకలో ఉన్న కొలబద్ద ప్రకారం ఒక శుద్ధి పద్ధతి 99.9968 శాతం పురుగులను చంపాలి, అంటే లక్షకు మూడింటికి మించి మిగలకూడదు. ఆ మాట 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 93,613 పురుగులను పరీక్షకు పెట్టి, ఒక్కటి కూడా బతకలేదని చూపాలి. అవన్నీ ఒకే దశలో ఉండాలి. వేడిని ఏ దశ ఎక్కువగా తట్టుకుంటుందో ముందే తేల్చి ఆ దశనే పరీక్షించాలి. మండీలో ఏరిన కాయలో ఎన్ని పురుగులున్నాయో, ఏ వయసువో కోసి చూస్తే గాని తెలియదు, కోస్తే ఇక నీళ్ళలో ముంచడానికి కాయ మిగలదు. ఏ రోజు ఎన్ని గుడ్లు పెట్టాయో లెక్క తెలిసిన ఈగల గది పక్కన లేకపోతే ఆ సంఖ్య దరిదాపులకు కూడా పోలేము.

కాబట్టి పెంచాలి. ఎలా పెంచుతామన్నది వినడానికి సులువుగానే ఉంటుంది.

మండీ నుంచి తెచ్చిన కాయలను ఇసుక పరిచిన తొట్లలో, జాలీ మీద పరుస్తాము. పక్వానికి వచ్చిన పురుగు కాయలోంచి బయటికి వచ్చి, తల తోకకు ఆనించి విల్లులా వంగి, ఒక్కసారిగా విదిలించుకుని ఎగిరి దూకుతుంది. తన ఒళ్ళు ఎన్నో రెట్లు దాటే దూకుడు అది. రాత్రిపూట నిశ్శబ్దంగా ఉన్న గదిలో పదుల కొద్దీ పురుగులు ప్లాస్టిక్ తొట్టి గోడలకు తగిలే చప్పుడు దూరపు చినుకుల్లా వినిపిస్తుంది. ఇసుక జల్లించి ప్యూపాలు తీసి వేరే డబ్బాలో పెడితే పది రోజులకు ఈగలొస్తాయి. ఈగలే కాదు, మనకంటే ముందే ఆ పురుగును కనిపెట్టి దానిలో గుడ్డు పెట్టిన పరాన్నజీవి కందిరీగలూ వస్తాయి. ఈగల్లోనూ ఒకటే జాతి రాదు. ముఖం మీది నల్లచుక్కలు రెండూ కలిసి అడ్డగీతలా కనబడితే అది ‘కరెక్టా’ అనే జాతి, ఒళ్ళు ఎర్రటి గోధుమరంగులో ఉండి రెక్క అంచున పూర్తి పట్టీ లేకపోతే ‘జొనాటా’ అనే మరో జాతి. మొదటి రెండు తరాలూ భూతద్దం కింద ఒక్కొక్క ఈగనూ చూసి వేరు చేయవలసిందే. ఇక్కడ తొందరపడితే మూడేళ్ళ తరువాత మీ ‘డోర్సాలిస్’ కాలనీలో, అంటే తరతరాలుగా పెంచుకుంటున్న ఈగల మందలో, సగం వేరే జాతి ఉంటుంది. (కాలనీ అన్న మాట మాకు ఎంత అలవాటైపోయిందంటే, మా కాలనీలో నీళ్ళు లేవని ఇంటాయన ఫోన్ చేస్తే ఒకసారి ఈగల గదికి పరుగెత్తాను.)

పెద్ద ఈగలకు చక్కెర, ఈస్టు నుంచి తీసిన ప్రొటీన్, నీళ్ళలో తడిపిన దూది చాలు. చక్కెర మూడు పాళ్ళకు ప్రొటీన్ ఒక పాలు. గుడ్ల కోసం ప్లాస్టిక్ సీసాకు సన్నని సూదితో వందల బెజ్జాలు పొడిచి, లోపల జామ రసం అద్దిన స్పాంజి పెట్టి పంజరంలో ఉంచితే, ఆడ ఈగలు అదే కాయ అనుకుని బెజ్జాల్లోంచి గుడ్లు దింపుతాయి. ఆ గుడ్లను నీళ్ళతో కడిగి, కొలిచి, మేత మీద పరుస్తాము. పురుగుల మేత అంటే గోధుమ పొట్టు, ఇక్కడివాళ్ళ మాటలో బూసా, దానిలో ఈస్టు, చక్కెర, బూజు పట్టకుండా సోడియం బెంజోయేట్, పులుపు కోసం కాస్త ఆమ్లం. ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, గాలిలో తేమ 70 శాతం దగ్గర. చెప్పడానికి ఇంతే.

చేయడానికి ఇంతే కాదు. బూసా పశువుల మేతగా అమ్మే సరుకు, నిల్వలో పురుగు పట్టకుండా దానికి మందు కొట్టి ఉంటారో లేదో దుకాణదారుకే తెలియదు. ఒక బస్తా మారితే తరం మొత్తం తుడిచిపెట్టుకుపోయిన రోజులున్నాయి. పురుగులు ఎక్కువై మేత తక్కువైతే బతికినవి కూడా చిన్న ప్యూపాలవుతాయి, చిన్న ప్యూపాల నుంచి బలహీనమైన ఈగలు వస్తాయి. బల్లల కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు ఎండితే చీమలు ఒక్క రాత్రిలో గుడ్లు ఊడ్చేస్తాయి. పైగా, ముందు చెప్పిన డ్రోసోఫిలా చిన్న ఈగ మా గదిలోకి దొంగతనంగా వచ్చి మా ఈగల మేత మీద కాపురం పెడుతుంది. దాని మీద పనిచేసే మిత్రులు దాన్ని పెంచడానికి పడే తిప్పలు వింటే నాకు కొంచెం అసూయగానే ఉంటుంది, మా దగ్గర అది అడగకుండానే వర్ధిల్లుతుంది.

అన్నిటికంటే వెలుతురు నాకు పాఠం చెప్పింది. డోర్సాలిస్ జత కట్టేది పొద్దు వాలే వేళ, వెలుగు క్రమంగా తగ్గుతున్న ఆ కొద్దిసేపట్లో. మా గదిలో ట్యూబులైట్లు గడియారపు స్విచ్చుతో సాయంత్రం ఆరింటికి టక్కున ఆరిపోయేవి. అంటే మా ఈగలకు పగలూ రాత్రీ ఉన్నాయి, సాయంత్రమే లేదు. కొత్తగా తెచ్చిన ఈగలు పెట్టిన గుడ్లలో పొదిగేవే తక్కువ. కారణం తెలియక మేతను, తేమను, నీళ్ళను అనుమానించి నెలలు గడిపాను. చివరికి పంజరాలను పడమటి కిటికీ దగ్గరకు జరిపితే సంగతి తేలింది. ఆ కిటికీ దగ్గరకు జరపమన్నది నేను కాదు. గదిలో రోజూ పనిచేసే ఆవిడ, వయసులో మా అందరికంటే పెద్దది కనుక అక్కా అని పిలుస్తాము, శ్రీనివాసపురం వైపు మనిషే. “సందేళకు అవి గోడ పట్టుకొని తిరగతాయి సార్, లైటు పోతానే ఏడుండేవి ఆడనే నిలిచిపోతాయి” అని ఆమె చాలా రోజులుగా అంటూనే ఉంది. ఆ మాటను పరిశీలనగా తీసుకోవాలన్న బుద్ధి నాకు అప్పటికి లేకపోయింది.

ఇప్పుడు వాదనలోని కష్టమైన చోటికి వస్తున్నాను. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా, గదిలో పెరిగిన ఈగ తోపులోని ఈగగా ఉండిపోదు. తోపు నుంచి తెచ్చిన వంద ఆడ ఈగల ముందు బెజ్జాల సీసా పెడితే, దాన్ని కాయగా ఒప్పుకునేవి మొదట్లో చాలా కొద్ది. మిగతావి మామిడి వాసన, మామిడి తొక్క లేనిదే గుడ్డు పెట్టవు, పెట్టకుండానే చచ్చిపోతాయి. రెండవ తరం ఆ కొద్ది ఈగల సంతానమే. పైగా మనకు పని త్వరగా కావాలి కనుక, తొందరగా గుడ్లు పెట్టిన ఈగల గుడ్లనే తీసుకుంటాము, ఆలస్యంగా పెట్టే వాటిని పంజరంతో సహా కడిగేస్తాము. ఏ విత్తన రైతూ ఇంతకంటే కఠినంగా ఏరివేత చేయడు. తేడా ఏమిటంటే, రైతుకు తాను ఏం ఏరుతున్నాడో తెలుసు. పది ఇరవై తరాలయ్యేసరికి త్వరగా ఈడుకొచ్చి, ఇరుకులో చిరాకు పడకుండా, ట్యూబులైటు కిందనే జత కట్టి, ప్లాస్టిక్ సీసాను ఇష్టపడే ఒక ఈగ తయారవుతుంది. దాని పేరు ఇంకా డోర్సాలిసే.

ఇది ఊహ కాదనడానికి జపాన్‌లోని ఒకినావా దీవులను చూడవచ్చు. అక్కడ తీగజాతి కాయలను పాడుచేసే పండు ఈగను నిర్మూలించడానికి 1972లో మొదలుపెట్టి, కారఖానాలో కోట్ల సంఖ్యలో ఈగలను పెంచి, రేడియేషన్‌తో వంధ్యత్వం కలిగించి వదిలారు. వంధ్య మగ ఈగతో జత కట్టిన అడవి ఆడ ఈగ గుడ్లు పొదగవు, తరం తరానికీ సంఖ్య పడిపోతుంది. 1978లో కుమే దీవిలోనూ, 1993 నాటికి దీవులన్నిటిలోనూ ఆ ఈగ లేకుండా పోయింది. ఈ విజయగాథను అందరూ చెబుతారు. కారఖానా మగ ఈగలతో జత కట్టడానికి నిరాకరించే అడవి ఆడ ఈగలు ఒకినావా దీవిలో కనబడ్డాయన్న సంగతిని మాత్రం తక్కువగా చెబుతారు. అదే ఈగ మీద అక్కడివారే చేసిన మరో పని నాకు ఇంకా ముఖ్యం. త్వరగా పెరిగే ఈగలను ఒక వరుసగా, నిదానంగా పెరిగే వాటిని మరో వరుసగా ఏరుకుంటూ పోతే, కొన్ని తరాలకు వాటి జత కట్టే వేళలే మారిపోయాయి. త్వరగా పెరిగేవి ముందుగానూ, నిదానమైనవి బాగా పొద్దుపోయాకనూ జత కట్టడంతో రెండు వరుసల మధ్య కలయిక తగ్గిపోయింది. ఎవరూ జత కట్టే వేళను ఏరలేదు, ఏరింది పెరిగే వేగాన్ని మాత్రమే. మన గదిలో రోజూ జరిగేదీ అదే. 1972లో అమెరికాలో పశువుల గాయాల్లో పెరిగే స్క్రూవర్మ్ ఈగ మీది కార్యక్రమం ఒక్కసారిగా దెబ్బతిన్నప్పుడు కూడా, కారఖానా ఈగల నాణ్యతే కారణమని కొందరు వాదించారు. ఆ వాదనను ఒప్పుకోనివారూ ఉన్నారు. నాకు అందులో ఎవరు గెలిచారన్నదానికంటే, అంత పెద్ద కార్యక్రమంలో కూడా ఆ అనుమానం వచ్చాకనే ఈగ నాణ్యత మీద అంత చర్చ జరగడం ముఖ్యంగా కనబడుతుంది.

ఇవాళ వంధ్య ఈగల కారఖానాలకు నాణ్యతా పరీక్షలు ఖాయంగా ఉన్నాయి. ప్యూపా బరువు తూస్తారు, నూటికి ఎన్ని ఈగలు పైకొచ్చాయో లెక్కిస్తారు, తిండీ నీళ్ళూ లేకుండా ఎంతసేపు బతుకుతుందో చూస్తారు. ఎగిరే శక్తిని కొలిచే పరీక్ష నాకు మహా ఇష్టం. 10 సెంటీమీటర్ల ఎత్తున్న నల్లని గొట్టం లోపలి గోడకు టాల్కం పౌడరు పూసి అడుగున ప్యూపాలు పెడతారు. గోడ జారుడు కనుక నడిచి ఎక్కలేదు, ఎగిరితేనే బయటపడుతుంది. గొట్టం, పౌడరు కలిపి వంద రూపాయలు కూడా కాని ఈ పరీక్షను, ఎరల మీదా మందుల మీదా పనిచేసే మామూలు ప్రయోగశాలల్లో ఎంతమంది చేస్తారు? నేను చేసేవాణ్ణి కాదు. మా వ్యాసాల్లో ఈగల గురించి ఉండేది ఒకే వాక్యం: ‘ఈగలను ప్రయోగశాలలో ప్రామాణిక పద్ధతిలో పెంచాము.’ ఎన్నో తరమో ఉండదు, ఎక్కడి నుంచి తెచ్చామో ఉండదు, మేత ఏమిటో ఉండదు. ఎర వాసనను విశ్లేషించిన యంత్రం పేరు, నమూనా సంఖ్య, తయారీదారు ఊరు మాత్రం ఉంటాయి. యంత్రాన్ని రోజూ సరిచూడకుండా కొలత రాస్తే తప్పని అందరమూ ఒప్పుకుంటాము, ఈగ కూడా కొలిచే యంత్రమేనని ఒప్పుకోము.

నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఆడ ఈగలను ఆకర్షించే ఒక ప్రొటీన్ ఎరను పరీక్షిస్తున్న రోజులవి. మగ ఈగలకు మిథైల్ యూజినాల్ ఉంది గాని ఆడ ఈగలకు అంత బలమైన ఆకర్షణ లేదు. గుడ్లు ఎదగడానికి వాటికి ప్రొటీన్ కావాలి కనుక ఆ ఆకలినే ఎరగా వాడుకోవాలి. గదిలో ఆరుసార్లు పరీక్షించాను, ఆరుసార్లూ ఈగలు ఎర వైపు చూడలేదు. ఎర పనికిరాదని నివేదిక రాసి కూడా పెట్టాను. అదే ఎరకు తోపులో ఆడ ఈగలు చక్కగా వస్తున్నాయని వేరే చోట పనిచేసే మిత్రుడు చెబితే, అతని లెక్కనే అనుమానించాను. చివరికి ఒకరోజు గదిలో నిలబడి గట్టిగానే విసుక్కుంటుంటే, పంజరం కడుగుతున్న అక్క, “పొద్దున ఎనిమిదికే కదా సార్ ఈస్టు పెట్టింది, కడుపు నిండి ఉంటే ఎట్లొస్తాయి?” అంది. పరీక్ష పదింటికి. విందు తిని లేచినవాళ్ళ ముందు పులిహోర పెట్టి, ఈ ఊళ్ళో పులిహోర ఎవరికీ ఇష్టం లేదని రాసినట్టయింది నా నివేదిక. రెండు రోజులు ప్రొటీన్ ఆపి చక్కెర మాత్రమే ఇచ్చి చేస్తే ఫలితం తలకిందులైంది. ఈగలకు ఎప్పుడు ఏం పెట్టారన్న సమాచారం ఆ గదిలో ఒక్క మనిషి దగ్గర ఉంది, ఆ మనిషిని ఎవరూ అడగలేదు, ఆమె పేరు ఏ వ్యాసంలోనూ లేదు.

ఇలాంటి మనిషిని మనం ఎలా ఉంచుకుంటాము? అంతకుముందు నేను పనిచేసిన ఒక సంస్థలో ఈగల గది చూసే వ్యక్తి పదకొండు నెలల ఒప్పందం మీద ఉండేవాడు. మార్చి 31న ఒప్పందం ముగిసింది. కొత్త ఏడాది నిధుల కాగితం మీద సంతకాలు పడేసరికి ఏప్రిల్ మూడవ వారమైంది. ఈ మధ్యలో గదిలోకి ఎవరు వెళ్ళాలన్నది ఎవరి బాధ్యతా కాదు. పరిశోధక విద్యార్థులు తలా ఒక పూట వెళ్ళారు, ఒకరు పెట్టారనుకుని మరొకరు నీళ్ళు పెట్టలేదు. దాదాపు మూడేళ్ళ పాటు మందు వాసన సోకకుండా కాపాడిన కాలనీ అది. ఏ పురుగుమందుకు తోటల్లోని ఈగలు ఎంత అలవాటు పడ్డాయో తెలియాలంటే, అలవాటు పడని ఈగ ఒకటి పక్కన ఉండాలి. దాన్ని ఆ వారాల్లో పోగొట్టుకున్నాము. ఆ ఏడాదే అదే భవనంలోకి, నేను ధర చెప్పను గాని, ఒక పెద్ద యంత్రం వచ్చింది, దానికి వార్షిక నిర్వహణ ఒప్పందం ఆలస్యం లేకుండా కుదిరింది. బూసా బస్తా కొనడానికి అది పరికరమూ కాదు రసాయనమూ కాదు కనుక ఏ పద్దు కింద రాయాలో తేలక నేను జేబులోంచి డబ్బులిచ్చిన రోజులు ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు.

దీనికి ఎదురుగా వచ్చే మాటలు నాకు తెలుసు. ప్రతి ప్రయోగశాలా ఈగలు పెంచనక్కరలేదు, ఒకచోట పెంచి అందరికీ ఇవ్వవచ్చు కదా అంటారు. నిజమే. మన హెబ్బాళలోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఎన్నో రకాల సజీవ కీటకాలను పెంచి, అడిగిన పరిశోధకులకు ఇస్తుంది, అలాంటి చోటు ఉండడం ఈ ఊరి అదృష్టం. అయితే డబ్బాలో ప్యూపాలు వచ్చినంత మాత్రాన గొడవ తీరదు. వచ్చిన రోజు నుంచి వాటికి మనం పెట్టే తిండి, మన ట్యూబులైటు, మన కిటికీ మొదలవుతాయి. ఆ తరువాతి ప్రతి తరమూ మన చేతిలో తయారైన ఈగే. మరి పాతబడిన కాలనీ పనికిరాదంటావా అని ఇంకొకరు అడుగుతారు. అలా అనను. మందు సోకని పాత కాలనీ ఎందుకు విలువైనదో ఇప్పుడే చెప్పాను, దాని విలువ తోపు నుంచి దూరమైపోవడంలోనే ఉంది. పరాన్నజీవి కందిరీగలను పెంచడానికి కూడా ఏపుగా గుడ్లు పెట్టే పాత కాలనీయే నయం. ఎర, జత కట్టడం, ఎగరడం, కాయను ఎంచుకోవడం వంటి ప్రవర్తన మీది ప్రశ్నలకు మాత్రం పాత ఈగ ఇచ్చే జవాబును తోపులో సరిచూడకుండా నమ్మకూడదు. కనీసం ఏటా ఒకసారి తోపు నుంచి కొత్త రక్తం కలపాలి, లేదా కొత్తగా మొదలుపెట్టాలి, ఏది చేసినా రాయాలి.

జీవించి ఉన్న కాలనీ ఎంత పెద్ద ప్రశ్నకు జవాబు చెప్పగలదో ఒక్క ఉదాహరణ ఇచ్చి వదిలేస్తాను. 2003లో కెన్యాలో కనబడి ఆఫ్రికాను చుట్టుముట్టిన పండు ఈగకు 2005లో ఇన్వాడెన్స్ అని కొత్త జాతి పేరు పెట్టారు. జాతి వేరైతే దానిని అడ్డుకునే నిబంధనలు వేరు, ఎగుమతి పరీక్షలు వేరు. దాన్నీ ఆసియా డోర్సాలిస్‌నూ పక్కపక్కన పెంచి, జత కట్టించి, సంతానాన్ని చూసి, ఇతర ఆధారాలతో కలిపి చివరికి 2015లో రెండూ ఒకటేనని తేల్చారు. చచ్చి సూదికి గుచ్చిన ఈగ ఎంత చక్కగా ఉన్నా, ఎవరితో జత కడతావని అడిగితే చెప్పలేదు.

మండీ నుంచి తెచ్చిన ఆ సంచిలోని కాయల నుంచి మొదటి ఈగలు జూన్ చివరి వారంలో వచ్చాయి. ఈసారి డబ్బా మీద ఊరి పేరు, కాయ రకం నీలం, తేదీ, ‘తరం 0’ అని రాశాము. అక్క పేరు కూడా రాయించాను, ఆమె మొదట వద్దంది. పంజరంలో బెజ్జాల సీసా ఒక పక్క, పచ్చి మామిడి ముక్క ఇంకో పక్క పెట్టి, ఆలస్యంగా గుడ్లు పెట్టే ఈగల గుడ్లను కూడా విడిగా తీస్తున్నాము. పని రెట్టింపైంది, గుడ్లు మాత్రం ఆశించినన్ని లేవు. సందేళ మూడొంతుల ఈగలు పడమటి కిటికీ వైపు గోడకు చేరతాయి. ఒకటి రెండు మాత్రం సీసా మీదే ఉండిపోతాయి, పదో తరానికి ఈ గదిలో ఉండేది బహుశా వాటి పిల్లలే.

మొన్న ఆ రైతు ఫోన్ చేసి, బుట్టల్లో పెట్టే ఎర ఎన్నాళ్ళకొకసారి మార్చాలని అడిగాడు. చెప్పాను. పెట్టేసే ముందు, “మా ఈగలు ఎట్లుండాయి సార్? గుడ్లు పెడతా ఉండాయా?” అన్నాడు. ఇంకా సరిగ్గా పెట్టడం లేదని చెప్పాను. “మా తోపులో ఐతే అడగకుండానే పెడతాయి” అన్నాడు, ఈసారి నవ్వుతూనే.